చట్రబద్ధపద్యము: అదర్శనవిచారము

ముక్తకమునకు ముందువెనుకలు లేవు. కావ్యములోని పద్యము చోటు తప్పినచో కథయే దానిని పట్టియిచ్చును. ముక్తకము చోటు తప్పినచో పట్టియిచ్చున దేదియు లేదు. ప్రక్కనున్న తాత్పర్యమొక్కటియే దానికి సాక్షి. వేమన పద్యములను కూర్చువారి కీ చిక్కు క్రొత్తది కాదు. 1829 లో బ్రౌను దొర ఆంగ్లానువాదముతో వానిని ప్రకటించిన పిదప వెలువడిన సంపుటములలో వరుసలు వేఱువేఱుగా నున్నవి. ఇప్పుడు పుస్తకములు కంప్యూటరుపై కూర్పబడుచున్నందున నా పాత చిక్కే క్రొత్తదారిని వచ్చుచున్నది. ఆ దారికి పేరు చట్రము.

వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి గన్న కటారుపల్లె కదిరికి సమీపమున నున్నది. పూర్వ మనంతపురము జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ సీమలోని బడిపండితు డొకడు విద్యార్థులకై చిన్న సంపుటమును లిబ్రె ఆఫీసు రైటరులో కూర్చుచున్నా డనుకొందము. పద్యము చట్రములో నుండవలెను. తాత్పర్యము దాని ప్రక్కన సాగవలెను. ఈ కోరిక నేటిది కాదు. మూలమును నడుమ నుంచి వ్యాఖ్యను మీదను క్రిందను వ్రాయు త్రిపాఠపద్ధతి వ్రాతప్రతులలో కలదు. తాటియాకుపై దారము దూర్చు రంధ్రముచుట్టు లేఖకుడు కొంత చోటు విడిచి, అక్షరములను దాని కిరువైపుల నడపెను. చట్రముచుట్టు వాక్యము తొలగి ప్రవహించుట యన నిదియే. అయితే తాటియాకుమీది రంధ్రము కదలదు. కంప్యూటరులోని చట్రము కదలును. దోషములలో పెక్కిట కీ కదలికయే మూలము.

చట్రమును ఎంచుకొనినప్పుడు తెరపై చిన్న లంగరు గుర్తు కనబడును. సముద్రము లేని అనంతపురపు మెట్టసీమలో లంగరుకంటె పశువును కట్టు గుంజ యను మాట చక్కగా నతుకును. ఈ గుంజ ముఖ్యముగా నాలుగు విధములు. పుటకు కట్టిన చట్రము ఆ పుటనే అంటిపెట్టుకొనియుండును. ముందు పుటలో నాలుగు పంక్తులు చేర్చినచో తాత్పర్యము క్రిందికి జరిగిపోవును, పద్యము మాత్రము మందపోయినను గుంజకడ నిలిచిన మేకవలె అక్కడనే యుండును. అప్పు డొక పద్యము ప్రక్కకు వేఱొక పద్యపు తాత్పర్యము చేరును. రెండును నీతిబోధకములే యగుటచే బాలుడు సందేహింపడు. ఒక్కొకప్పుడు ఉపాధ్యాయుడును సందేహింపడు. పేరాకు కట్టిన చట్రము పేరాతో నడచును. పద్యసంపుటముల కిదియే తగినది. అక్షరమునకు కట్టిన చట్రము ఆ అక్షర మెచ్చటికి పోయిన నచ్చటికి పోవును. అక్షరముగానే నిలిపిన చట్రము సమాసములోని అవయవమువలె పంక్తిలో కలిసిపోవును. దాని యెత్తుకొలది పంక్తి యెత్తు పెరుగును. చిన్న ముద్రకో చిహ్నమునకో అది పనికివచ్చును గాని నాలుగుపాదముల పద్యమున కంతగా తగదు.

పేరాకు కట్టుటలోను ఒక అపాయ మున్నది. ఆ పేరాను పూర్తిగా తీసివేసినచో చట్రము దానితో పోవును. తాత్పర్యమును మార్చివ్రాయదలచి పాతదాని నంతయు చెఱిపివేసినవారు పద్యమును పోగొట్టుకొనుట సాధారణము. కంట్రోలు మీటతో జడ్ మీటను నొక్కి వెంటనే వెనుకకు మరలింపవలెను. పాత పేరా నుంచి, దానిలోపలనే మాటలను మార్చుట మేలు. చట్రము కనబడక పోయినచో ఎఫ్ 5 మీటను నొక్కి నావిగేటరును తెఱచి, చట్రముల పట్టికలో పేరు వెదకవలెను. అందుచే ప్రతి చట్రమునకు పద్యసంఖ్యనే పేరుగా నిడుట మంచిది. కార్యక్రమ మిచ్చు పేళ్లలో ఏది యేదియో తెలియదు.

ఇక అసలు దోషమునకు వత్తము. పాణిని లోపమును అదర్శనమని నిర్వచించెను. లోపించిన ప్రత్యయము కనబడకున్నను దాని కార్యము నిలుచునని తరువాత చెప్పెను. చట్రములోని లోపమును ఇట్టిదే. చట్రమునకు ఎత్తు స్థిరముగా నిర్ణయించినచో, అందు పట్టని పాదము కంటికి కనబడదు. అది నశింపలేదు, దస్త్రములో నున్నది. చట్రమును క్రిందికి లాగినచో మరల కనబడును. అయితే అచ్చునకు కార్యమేదియు నిలువదు. కాగితముపై అదర్శనమే అభావము.

వేమన పద్యములకీ దోషము విశేషముగా ప్రమాదకరము. మరుగైనది సాధారణముగా నాలుగవ పాదము. అది సాధారణముగా అందఱికిని నోటికివచ్చిన మకుటము. పుట దిద్దువాని కన్ను మూడుపాదములను చదువును, నాలుగవదానిని జ్ఞాపకము పూరించును. కావున పాదము లేదని తెలియదు. మకుటము లేని పద్యములును కొన్ని గలవు. వానిలో భావము నాలుగవ పాదమున ముగియును. అది పోయినచో, తరువాతివారు మకుటమే యుండె నని యెంచి దానిని చేర్తురు. ఇట్లు ఒక పెట్టె కొలత పాఠాంతరమును పుట్టించును. వ్రాయసకాని ప్రమాదములను శతాబ్దములుగా పరిశోధించుచున్న పండితులకు దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు.

దీనికి మందు సులభము. చట్రపు లక్షణములలో ఎత్తు తనంతట పెరుగునట్లు నిర్ణయింపవలెను. రైటరులో ఆ యేర్పాటు కలదు. వర్డులోని వ్రాతపెట్టెకును కలదు. అయినను తెలుగునకు మఱియొక విఘ్న మున్నది. మన లిపిలో గుడులు తలపై నెక్కును, ఒత్తులు క్రిందికి దిగును. పంక్తుల యెడమును స్థిరముగా బిగించినచో ఒత్తు తెగును, లేదా క్రింది పంక్తి తలకట్టును తాకును. ఒత్తు తెగిన సంయుక్తాక్షరము వేఱొక పదమే యగును. యెడమును ఒంటి పంక్తిగానో, దానికి కొంత హెచ్చుగానో ఉంచవలెను. ఒక కంప్యూటరున మండలి యను అక్షరరూపముతో కూర్చిన దస్త్రమును ఆ రూపము లేని వేఱొక కంప్యూటరుపై తెఱచినచో, మఱియొక రూపము దాని స్థానమున ఆదేశముగా వచ్చును. ఇక్కడ ఆదేశమునకు స్థానివద్భావము లేదు: వెడల్పు మారును, పంక్తులు విఱుగును, సరిపోయిన పద్యము సరిపోకుండును. అక్షరరూపమును దస్త్రములోనే పొదుగునట్లు నిర్ణయించుట యుక్తము.

దీర్ఘవ్యాఖ్యను ఒక చట్రమునుండి మఱియొక చట్రములోనికి పాఱించుటయును కలదు. సూత్రములలోని అనువృత్తి దీనికి పోలిక. అయితే వ్యాకరణములోని మండూకప్లుతి యిందు లేదు. ప్రవాహము వరుసగానే సాగును. చేరవలసిన చట్రము ఖాళీగా నుండవలెను. అప్పటికే వేఱొకదానిచే పూరింపబడుచుండరాదు. ఒక చట్రమునకు తరువాతి చట్రము ఒక్కటియే. పుటశీర్షములోని చట్రమును పుటపాదములోనిదానితో కలుపుటకు వీలులేదు. లంకె పడలేదని విసుగుకొనువారికి, రెండవ చట్రములో మఱచిపోయిన ఒక్క అక్షరమే తఱచుగా కారణమగును.

తరగతిలో తెరపై చూపు ప్రదర్శనములో దోషము తిరుగబడును. అచ్చట పెట్టెలో పట్టని మాటలను దాచుటకు బదులు అక్షరములను కుదించు నేర్పాటు కలదు. నాలుగు చిన్నపాదముల ఆటవెలది పెద్ద యక్షరములతోను, పొడుగు సీసము చీమలబారువలెను కనబడును. వెనుక వరుసలోని పిల్లవానికి సీసము పోయినట్లే. కుదింపును మాన్పి, సీసమును రెండు పలకలుగా విఱిచి, గీతపద్యమును వేఱు పలకపై నుంచవలెను.

అచ్చునకు పంపుటకు ముందు దస్త్రమును పీడీఎఫ్ గా మార్చి, తెరపైగాక కాగితముమీద, అర్థమును విడిచి, ప్రతి పద్యమునకు పాదములను వ్రేళ్లపై లెక్కింపవలెను. చదివినచో జ్ఞాపకము మోసగించును, లెక్కించినచో మోసగింపదు.