పుట్టింటికి దూరముగా, ఇటలీలో పురుడు

అడుగనిదే అమ్మయినను పెట్టదని మన సామెత. పురుడు విషయమున మాత్రము తెలుగువారి పుట్టిండ్లు ఈ సామెతను తరతరములుగా అబద్ధము చేయుచునే వచ్చినవి. కూతురు తొలికాన్పునకు పుట్టింటి గడప త్రొక్కినది మొదలుకొని, ఆమె నోరు తెరచి అడుగవలసిన పని లేకుండగనే, నూనె కాచి ఒళ్ళు మర్దించువారు, పథ్యము వండువారు, నడిరేయి శిశువును ఎత్తుకొని తిరుగువారు, డాక్టరుతో మాటలాడువారు అందరును ఆ ఇంటనే యుందురు. ఉద్యోగమునకో విద్యకో పోయి మిలానులోనో, టూరినులోనో, రోములోనో కాపురము పెట్టిన యువదంపతులకు ఈ ఏర్పాటు ఒక్కసారిగా లోపించును. అచ్చట ఆ భారములో పెద్దపాలును ప్రభుత్వమే వహించుచున్నది. చాలవరకు చక్కగనే వహించుచున్నది. కాని అది అడిగినవారికే, అదియు వేళకు అడిగినవారికే పెట్టును. కావున ఇటలీలో పురుటికి సిద్ధపడుటకు తొలిమెట్టు, ఎవరిని ఎప్పుడు ఏమి అడుగవలెనో ఎరుగుట.

1978 డిసెంబరులో వెలువడిన 833వ చట్టము ఆ దేశమున జాతీయ ఆరోగ్యసేవా వ్యవస్థను నెలకొల్పినది. దానిని నడపునవి ప్రాంతీయ ప్రభుత్వములు. సామాన్యునకు కనబడునది స్థానిక ఆరోగ్య కార్యాలయము. పెర్మెస్సో ది సొజ్జోర్నో అను నివాసానుమతిని, కోదిచే ఫిస్కాలే అను పదునారు అక్షరాంకముల పన్ను సంఖ్యను చూపినచో, ఆ కార్యాలయమువారు పేరు నమోదు చేసికొందురు. పిమ్మట తెస్సెరా సానితారియా అను ఆరోగ్యపు కార్డు వచ్చును. ఉద్యోగానుమతిపై గాని కుటుంబానుమతిపై గాని ఉన్నవారికి ఈ నమోదు హక్కుగా లభించును. విద్యార్థులు ఏటేటా రుసుము చెల్లించి చేరవలసియుండును. నివాసానుమతి కార్డు చేతికి అందుటకు నెలలు పట్టుట అచ్చట కొత్త కాదు గనుక, దరఖాస్తు చేసిననాడు పోస్టాఫీసువారిచ్చిన రసీదును పారవేయక భద్రపరచుకొనవలెను. అంతవరకు ఆ కాగితమే ఆధారము.

కాగితములే లేనివారి గతి యేమని పాఠకులడుగవచ్చును. పో నదీలోయలోని పశుశాలలలోను, లాతీనా పొలములలోను కష్టించు భారతీయులు అనేకులు కలరు. వారిలో పత్రములు సరిగా లేనివారును ఉందురు. 1998 నాటి వలసల చట్టము అట్టి స్త్రీకిని గర్భకాలమునందును ప్రసవమునందును ఇటలీ పౌరురాలితో సమానమైన వైద్యరక్షణ కల్పించినది. గర్భిణిని గాని, ప్రసవించి ఆరు నెలలు నిండని తల్లిని గాని దేశమునుండి వెడలగొట్టరాదని శాసించినది. చికిత్సకు వచ్చినంతమాత్రమున ఆమె సంగతి పోలీసులకు తెలుపరాదనియు అందే ఉన్నది. ఈ సంగతి ఎరుగక, భయపడి, నొప్పులు వచ్చువరకు ఆసుపత్రి ముఖము చూడకుండుటయే అసలైన అపాయము.

కార్డు చేతికి వచ్చిన పిమ్మట పోవలసిన చోటు కన్సుల్తోరియో. 1975 నాటి 405వ చట్టము వలన వెలసిన ఈ కుటుంబ సలహా కేంద్రములో గర్భిణికి పరీక్షలు ఉచితముగా జరుగును. అనేక కేంద్రములలో విదేశీయులకు భాషలో సాయము చేయు మధ్యవర్తులను ఏర్పాటు చేయుదురు. అచ్చట ఎదురగు వ్యక్తి ఒస్తెత్రిక, అనగా విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందిన మంత్రసాని. చిక్కులు లేని గర్భమును కడవరకు ఆమెయే కనిపెట్టి చూచును. సుఖప్రసవమును ఆమెయే నిర్వహించును. అవసరమైనప్పుడే డాక్టరు వచ్చును. ప్రతి నెలయు పెద్ద డాక్టరమ్మ గది ముందు కూర్చుండుటకు అలవడిన మన నగరవాసినులకు ఇది మొదట తక్కువ మర్యాదగా తోచవచ్చును గాని, తీరికగా కూర్చుండబెట్టి మాటలాడు మనిషి ఆమెయే యని త్వరలోనే బోధపడును. ప్రసవమునకు సిద్ధపరచు తరగతులు కూడ ఆ కేంద్రములోనే జరుగును. భర్తలను కూడ ఆహ్వానింతురు. స్థలములు పరిమితములు గనుక ముందుగా పేరు వ్రాయించుకొనుట మంచిది.

ఉచితమనుమాట నిజమే అయినను, దానికొక గడియారము కలదు. పరీక్షకు వ్రాసియిచ్చు చీటిపై ఎమ్ అను అక్షరమును, ప్రక్కన గర్భము ఎన్నవ వారమో ఆ అంకెయు వేయుదురు. ఆ గుర్తున్నచో రుసుము లేదు. ఏ పరీక్ష ఏ వారములలో చేయించవలెనో జాబితా ముందే నిర్ణీతమై యున్నది. ఆ గడువు తప్పినచో అదే పరీక్షకు డబ్బు చెల్లించవలసి రావచ్చును. మనవారు నెలలలో లెక్కించుదురు. అచ్చట సమస్తమును వారములలోనే నడచును. పదవ వారమునకు ముందే తొలి పరీక్షకు పోవలెనని చెప్పుటలోని ఆంతర్యమిదే.

ఈ పరీక్షలలో మన స్త్రీలు ప్రత్యేకించి శ్రద్ధ వహింపవలసినవి కొన్ని కలవు. దక్షిణాసియా సంతతి స్త్రీలకు గర్భకాలపు మధుమేహము వచ్చు అవకాశము హెచ్చని ఇటలీ వైద్య మార్గదర్శకములే గుర్తించినవి. కావున 24 మొదలు 28 వారముల నడుమ 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి చేయు రక్తపరీక్షను మానరాదు. థలసీమియా అను వంశానుగత రక్తవ్యాధి సార్డీనియాలోను, ఫెర్రారా ప్రాంతమునను విస్తారముగా ఉండుటచే ఇటలీ వైద్యులు దానిని బాగుగా ఎరుగుదురు. అది మన దేశమునను కలదు గనుక భార్యాభర్తలిరువురును పరీక్షించుకొనుట మేలు. ఇక టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి సంగతి. దానికి వ్యతిరేకమైన రక్షణ రక్తములో లేని గర్భిణికి మాటిమాటికి పరీక్ష చేయుదురు. మన పెద్దలు బొప్పాయి వద్దందురు. అచ్చటి మంత్రసాని నిలవచేసిన పందిమాంసములైన సలామీ వద్దనును, ప్రోషూత్తో వద్దనును, సరిగా ఉడుకని మాంసమును, కడుగని ఆకుకూరను ముట్టవద్దనును.

ఆసుపత్రి నిర్ణయము తొందరపడి చేయరానిది. 1964లో పదిలక్షలకు పైబడిన ఇటలీ జననములు 2023 నాటికి 3,80,000కు దిగజారినవి. ఏడాదికి కనీసము 500 కాన్పులైనను జరుగని ప్రసూతిశాలలను మూసివేయవలెనని 2010లో కేంద్ర, ప్రాంతీయ ప్రభుత్వములు ఒప్పందము చేసికొన్నవి. తత్ఫలితముగా అనేకమైన చిన్న ఊళ్ళలో ప్రసూతిశాలలు మూతపడినవి. అట్టి ఊళ్ళలో నివసించువారు ఏ పట్టణమునకు, ఏ దారిన, ఎంత సేపటిలో పోగలరో ముందే చూచుకొనవలెను. టూరినులోని సాంతాన్నా, 1906లో మిలానులో వెలసిన మాంజియగల్లి, రోములో టైబరు ద్వీపముపైనున్న ఆసుపత్రి కాన్పులకు పేరెన్నిక గన్నవి. నొప్పి తెలియకుండ వెన్నునకిచ్చు ఎపిడ్యూరల్ మందును 2017లో ప్రభుత్వము ఉచిత సేవలలో చేర్చినది. అయినను రాత్రింబవళ్ళు మత్తు డాక్టరు అందుబాటులో లేని ఆసుపత్రులు కలవు. కావున ఈ ప్రశ్న ముందే అడుగవలెను. కోరువారు చివరి వారములలోనే మత్తు డాక్టరును కలసి పరీక్ష చేయించుకొనియుండవలెను.

ఆపరేషను విషయమునను మన ఊహలు సవరించుకొనక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశములో 42కు పైగా కాన్పులు సిజేరియనులే. ఇటలీలో అవి సుమారు మూడవ వంతు. ఐరోపాలో అదియు హెచ్చుగనే పరిగణింపబడుచున్నది. వైద్యకారణము లేనిదే, మంచి నక్షత్రము కొరకు ముహూర్తము పెట్టించి కడుపు కోయించుకొనుటకు అచ్చటి ప్రభుత్వ ఆసుపత్రులు సాధారణముగా సమ్మతింపవు.

తీసికొనిపోవలసిన సంచి సంగతి సులభము. ఆసుపత్రియే జాబితా ఇచ్చును. ముందుభాగము తెరచుకొను నూలు రాత్రిదుస్తులు, శిశువునకు దినమునకొక జత చొప్పున వేరువేరు సంచులలో కట్టి పేరు వ్రాసిన బట్టలు, అన్నింటికంటె ముఖ్యముగా ఇంతవరకు జరిగిన పరీక్షల కాగితములన్నియు ఉన్న ఫైలు. సుఖప్రసవమైనచో రెండు దినములు, ఆపరేషను అయినచో మూడు నాలుగు దినములు ఉంచుకొని పంపివేయుదురు.

ఇంటికి వచ్చిన పిమ్మటనే పుట్టింటి లోటు నిజముగా తెలిసివచ్చును. ఇటలీవారికిని బాలింతను గౌరవించు సంప్రదాయము కలదు. పదునైదవ శతాబ్దపు ఫ్లోరెన్సులో సంపన్నులు బాలింతకు బహూకరించుటకై చిత్రములు వ్రాసిన కొయ్య పళ్ళెరములు చేయించెడివారు. 1449లో లొరెంజో దె మెదిచి జననమునకై చేయించిన పళ్ళెరము నేడు న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియములో నున్నది. పళ్ళెరములు మ్యూజియములకు పోయినను అమ్మమ్మ ప్రాధాన్యము అచ్చట తగ్గలేదు. కాని మన అమ్మమ్మకు వీసా కావలెను. షెంగెన్ సందర్శక వీసాపై 180 దినములలో 90కి మించి ఉండరాదు. కనీసము 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కాన్పు ఒక వారము ముందువెనుకలగుట సహజము గనుక, ఆ తొంబది దినములలో అధికభాగము కాన్పు తరువాతకు మిగులునట్లు ప్రయాణము నిర్ణయించుకొనవలెను. కాన్పు నాటికి తోడు భర్తయే. ఉద్యోగియైన తండ్రికి పూర్తి జీతముతో పది దినముల సెలవు నిర్బంధముగా కలదు. ఉద్యోగినియైన తల్లికి అయిదు నెలల సెలవును, అందులో జీతముయొక్క 80 శాతమును లభించును.

మన ఆచారమునకును వారి చట్టమునకును నేరుగా తగవుపడునది ఒక్కటే, నామకరణము. మనకు బారసాల ఇరువదియొకటవ నాడు. ఇటలీలో జననమును మూడు దినములలోగా ఆసుపత్రియందు గాని, పది దినములలోగా కొమూనె అను పురపాలక కార్యాలయమునందు గాని నమోదు చేయింపవలెను, పేరుతో సహా. నక్షత్రమును, తొలి అక్షరమును చూచి పేరు పెట్టుకొనువారు సిద్ధాంతిగారికి ఫోనులోనే చెప్పి తొందరపెట్టక తప్పదు. ఇంటిపేరు ఏది, పెట్టినపేరు ఏది యని పాస్‌పోర్టులలో ఉన్నట్లే విడివిడిగా పెద్దక్షరములతో వ్రాసి తీసికొనిపోవుట శ్రేయస్కరము. అచ్చట దొర్లిన అక్షరదోషము బిడ్డ వెంట అన్ని కాగితములలోను నడచును. 1992 నాటి 91వ చట్టము ప్రకారము, విదేశీ దంపతుల శిశువు ఇటలీలో పుట్టినంతమాత్రమున ఆ దేశ పౌరుడు కాడు. అచ్చటనే ఎడతెగక న్యాయబద్ధముగా నివసించి, 18 నిండిన పిదప ఏడాదిలోపల కోరుకొనవచ్చును. భారత పౌరసత్వము కొరకు ఒక సంవత్సరములోపల రోములోని రాయబార కార్యాలయములోనో, మిలానులోని కాన్సులేటులోనో జననము నమోదు చేయించి, పాస్‌పోర్టు సంపాదించి, పిమ్మట శిశువునకును నివాసానుమతి కోరవలెను.

ఇన్ని కార్యాలయములు తిరుగుటకంటె గర్భిణిని పుట్టింటికి పంపుటయే మేలని తలచువారుందురు. అదియు ఒక మార్గమే. అయితే 36 వారములు దాటిన గర్భిణిని విమానములు సామాన్యముగా ఎక్కించుకొనవు గనుక ఆ నిర్ణయమును కూడ ముందుగనే చేయవలెను. అచ్చటనే ఉండదలచినవారికి ప్రధాన విఘ్నము భాష కాదు, డబ్బు కాదు, మన మొగమాటము. ఆ దేశమున మంత్రసానిని మరల మరల ప్రశ్నించుట అమర్యాద కాదు. అర్థము కాలేదనుట అవమానము కాదు. మధ్యవర్తిని పిలిపింపుడనుట దేబిరించుట కాదు. అవన్నియు చట్టము ఇచ్చిన సేవలే. పుట్టింట కూతురునకు మౌనము చెల్లును. ఇటలీలో తల్లి కాబోవు స్త్రీ నోరు విప్పి అడుగవలెను.