ఆగిన చోటల్లా ఆరిపోయే ఇంజిన్

రోడ్డుపై సాఫీగా నడిచే కారు సిగ్నల్ దగ్గరో, రైల్వే గేటు దగ్గరో ఆపగానే ఆరిపోతుంది. తాళం తిప్పితే మళ్ళీ స్టార్టవుతుంది. స్టార్టవుతోంది కదా అని మనలో చాలామందిమి ఊరుకుంటాం. కాని భార్యాపిల్లలను, వృద్ధులైన తల్లిదండ్రులను ఎక్కించుకునే వాహనం విషయంలో ఈ ఉపేక్ష తగదు.

ముందుగా కారణం తెలుసుకుందాం. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది. పెట్రోలు ఇంజిన్ ఆ కొద్ది గాలితోనే నిమిషానికి సుమారు 700 నుంచి 900 సార్లు తిరుగుతూ నిలదొక్కుకోవాలి. వేగంలో బయటపడని చిన్న లోపం కూడా ఈ స్థితిలో దాన్ని ఆర్పివేస్తుంది. పూర్వపు కార్బ్యురేటర్ కార్లలో మెకానిక్ స్క్రూ తిప్పి ఈ వేగాన్ని సరిచేసేవాడు. నేటి కార్లలో ఆ పని కంప్యూటర్‌ది.

పరీక్షను ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాలి. బ్యాటరీ టెర్మినళ్ళు వదులుగా ఉన్నాయా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిందా చూడాలి. ఇంజిన్ దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తే, ఏదో రబ్బరు గొట్టం పగిలి లెక్కకు మించిన గాలి లోపలికి పోతోందని అనుమానించాలి. థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి తరచుగా కనిపించే మరో కారణం. దాన్ని శుభ్రం చేయిస్తే చాలాసార్లు సమస్య తీరుతుంది.

ఏసీ వేసినప్పుడే ఆగుతోందంటే, అదనపు భారానికి తగినట్లు ఐడిల్ వేగం పెరగడం లేదన్నమాట. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా బలం చాలకపోతే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ చూపించాలి. ఇంజిన్ కుదుపులు పెడితే స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్ళు పరీక్షించాలి. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టించాలి. పి 0505 అనే కోడ్ ఐడిల్ నియంత్రణలో లోపాన్ని, పి 0171 ఇంధనం తగ్గి గాలి ఎక్కువైన స్థితిని సూచిస్తాయి. కోడ్ వెతకవలసిన చోటును మాత్రమే చూపుతుంది. దాన్ని చూసి వెంటనే విడిభాగం మార్చేయడం డబ్బు వృథా చేసుకోవడమే.

నడుస్తుండగా ఇంజిన్ ఆరితే కంగారుపడకూడదు. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు అందే సహాయం ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. కనుక పదేపదే తొక్కక, ఒకేసారి గట్టిగా అదిమి పట్టి, హజార్డ్ దీపాలు వేసి, కారును ఎడమ పక్కకు తీయాలి. బండి ఆగేవరకు తాళం బయటకు లాగకూడదు. స్టీరింగ్ లాక్ కావచ్చు. పరీక్ష కోసం మూసిన షెడ్డులో ఇంజిన్ నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా, ఎప్పుడు ఆగుతోందో ఒక వారం పాటు కాగితంపై రాసుకుందాం. ఆ కాగితం మెకానిక్ సమయాన్నీ, మన డబ్బునూ ఆదా చేస్తుంది.