అట్లు పోసే చేతికి ఆఖరి అట్టు

తెల్లవారింది. పొయ్యి మీద పెనం కాగింది. చుయ్యిమంటూ మొదటి అట్టు పడింది. పొలానికి వెళ్లే ఇంటాయనకు మూడు, బడికి వెళ్లే పిల్లలకు రెండేసి, పళ్లు లేని అత్తగారికి మెత్తగా రెండు. అందరూ తిని లేచాక, గిన్నె అడుగున మిగిలిన పిండితో ఇల్లాలు తనకోసం ఒక అట్టు పోసుకుంటుంది. పిండి చాలకపోతే అదీ లేదు. గోదావరి జిల్లాల పల్లెల్లో ఎన్నో ఇళ్లలో పొద్దున్నే కనిపించే దృశ్యం ఇది.

ఇడ్లీ అయితే ఒకటి రెండు వాయిలతో ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఉప్మా ఒక్క గిన్నెతో దిగుతుంది. అట్టు అలా కాదు. ఒక్కొక్కటే పోయాలి, ఒక్కొక్కటే తీయాలి. అట్టుకు రెండు నిమిషాలనుకున్నా, ఐదుగురికి మూడేసి పోసేసరికి అరగంట పొయ్యి దగ్గర నిలబడాలి. పిండి కుదరక అట్టు పెనానికి అంటుకుంటే అరగంట కాస్తా గంటవుతుంది. అందుకే అట్ల విషయంలో పొద్దుటి పని రాత్రి రుబ్బుతోనే మొదలవుతుంది.

పండుగ వంట ఫలహారమైంది

ఒకప్పుడు పల్లెల్లో పొద్దుటి తిండి అంటే చద్దన్నమో, గంజో, అంబలో. అట్లు పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో పోసేవారు. ఆశ్వయుజ బహుళ తదియనాడు, అట్లతద్దికి, గౌరీదేవికి నైవేద్యం పెట్టేవీ, ముత్తైదువులకు వాయనమిచ్చేవీ అట్లే. అందుకోసం ముందురోజు రుబ్బురోలు దగ్గర కూర్చుని పొత్రం తిప్పిన ఆడవారికి రెక్కలు పడిపోయేవి.

1955లో కోయంబత్తూరులో పిండి రుబ్బే కరెంటు గ్రైండరు తయారైంది. తరువాతి దశాబ్దాలలో గ్రైండర్లు, మిక్సీలు పట్టణాల నుంచి పల్లెలకు పాకాయి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలై, పేదల ఇళ్లకూ బియ్యం అందాయి. రోలు బాధ తగ్గింది. పండుగనాటి అట్టు మామూలు రోజు పళ్లెంలోకి వచ్చింది. కాని రుబ్బడానికి యంత్రం వచ్చినా, పెనం ముందు నిలబడడం మాత్రం తప్పలేదు.

పాళ్లు తప్పితే పాట్లే

ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, ఒక చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. ఈ పాళ్లతో పాతిక అట్లకు తక్కువ రావు. పప్పు ఎక్కువైతే అట్టు మెత్తబడుతుంది. బియ్యం మరీ ఎక్కువైతే గట్టిపడి విరుగుతుంది. మెంతులు మంచి రంగునూ వాసననూ ఇస్తాయి.

ఖరీదైన సన్నబియ్యం కొననక్కరలేదు. రేషన్ బియ్యం అట్లకు చక్కగా కుదురుతాయి. నానబోసినప్పుడు కొన్ని గింజలు పైకి తేలితే ‘ప్లాస్టిక్ బియ్యం’ అని భయపడి పారబోసేవారున్నారు. అది పొరపాటు. ఇటీవలి సంవత్సరాలలో రేషన్ బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున బలవర్ధక గింజలను కలుపుతూ వచ్చారు. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను చేర్చి చేసినవే.

మధ్యాహ్నం నానబోసి, సాయంత్రం రుబ్బుకోవాలి. పప్పును విడిగా, చల్లని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. అదే గుర్తు. మిక్సీలో పిండి వేడెక్కుతుంది కనుక మధ్యమధ్య ఆపాలి. బియ్యం సన్నగా రుబ్బి, రెండూ చేత్తో బాగా కలిపి, గిన్నెలో సగం వరకే పోసి మూత పెట్టాలి. పులిసి పొంగడానికి చోటుండాలి కదా!

వేసవిలో ఆరేడు గంటలకే పిండి పులుస్తుంది. చలికాలంలో పది పన్నెండు గంటలు పడుతుంది. అప్పుడు గిన్నెను పొయ్యి గట్టు దగ్గర పెట్టి గోనె కప్పితే వెచ్చదనానికి పొంగుతుంది. పులిసే పని కంటికి కనిపించని సూక్ష్మజీవులది. అవి పుట్టించే గాలిని మినప్పిండి జిగురు పట్టి ఉంచుతుంది. అట్టుకు చిల్లులు పడేది అందుకే. బియ్యంలో కొరతగా ఉండే మాంసకృత్తుల పాలు పప్పు పూరిస్తుంది. పులియడం వల్ల ధాన్యంలోని ఇనుము ఒంటికి పట్టడం సులువవుతుంది.

పెనం మాట వినాలంటే

పెనం మరీ కాలితే పిండి గరిటెకే చుట్టుకుంటుంది. చాలినంత కాగకపోతే అట్టు ఊడిరాదు. నీళ్లు చిలకరిస్తే చిటపటలాడి ఆవిరి కావాలి. ఉల్లిపాయను సగానికి కోసి, నూనెలో ముంచి, ప్రతి అట్టుకూ ముందు పెనాన్ని రుద్దాలి. వంకాయ తొడిమతో రుద్దేవారూ ఉన్నారు. ఇనప పెనాన్ని సబ్బుతో తోమకుండా, గుడ్డతో తుడిచి నూనె రాసి దాచుకుంటే ఏళ్ల తరబడి మాట వింటుంది.

రుబ్బడం మరిచిన రోజు దిగులు పడనక్కరలేదు. రాత్రి నానబోసిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి కలిపి రుబ్బితే పెసరట్టు. దానికి పులియబెట్టే పని లేదు. మినప్పిండి మరీ పులిస్తే ఉల్లిపాయ ముక్కలు చల్లి మందంగా పోసుకోవచ్చు, లేదా సాయంత్రం పునుగులు వేసుకోవచ్చు. అట్టుకు తోడు కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి సరే. వేసవిలో కొత్త ఆవకాయ ఉంటే మరేమీ అక్కరలేదు.

తీరని బాకీ

రుబ్బిన పిండి పొట్లాలు ఇప్పుడు కొట్లలోనే దొరుకుతున్నాయి. రుబ్బే శ్రమ తప్పించుకోవాలంటే కొనుక్కోవచ్చు. పోసే శ్రమను మాత్రం ఏ కొట్టూ అమ్మదు. గ్యాసు పొయ్యికి రెండు బర్నర్లుంటే రెండు పెనాలు పెట్టుకోవడం ఒక ఉపాయం. అరగంట పని పావుగంటలో తెములుతుంది.

రెండో ఉపాయానికి ఖర్చే లేదు. తిన్నవారు చేయి కడుక్కుని, అట్లకాడ అందుకుని, ఇల్లాలిని పీట మీద కూర్చోబెట్టి నాలుగు అట్లు పోయడమే. మొదటి రోజు అట్టు వంకరగా వస్తే రావచ్చు. ‘అట్టుకు అట్టున్నర’ అని ఊళ్లో మాట ఉండనే ఉంది. ఇన్నేళ్లుగా అందరికీ వేడివేడిగా పోసిన చేతికి అట్టున్నర కాకపోయినా, ఒక్క వేడి అట్టయినా బాకీ ఉంది.