వ్యసనం ఒకరిది, చికిత్స ఇంటిల్లిపాదికీ

మద్యం హరామ్ అని తెలియని ముస్లిం ఇల్లు లేదు. అయినా మన మొహల్లాల్లో తాగుడుకు, గంజాయికి బానిసలైన యువకులు ఉన్నారు. తెలిసీ ఎందుకు మానలేకపోతున్నారు?

అమెరికాలోని శాన్ డియాగోలో 9,508 మంది పెద్దలను వారి బాల్యం గురించి అడిగి చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. దెబ్బలు, అవమానాలు, తల్లిపై దౌర్జన్యం, ఇంట్లో తాగుబోతు ఉండటం వంటి అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో చవిచూసిన వారికి తాగుడు, మాదకద్రవ్యాలు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అలా పెరిగిన వారందరూ వ్యసనపరులు కారు. కానీ చాలామందికి మత్తు సరదా కాదు, నొప్పికి మందు.

పరువు కోసం దాచడం, అతని అప్పులు తీర్చడం, ఆపై ఎత్తిపొడవడం జబ్బును పెంచుతాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టరుకు చూపించండి.

మత్తు దిగడానికి రోజులు చాలు. మనసు కుదుటపడటానికి నెలలు పడుతుంది. మధ్యలో తిరగబెట్టినంత మాత్రాన వైద్యం వృథా అయినట్లు కాదు.

దాతలారా! ఆసుపత్రి బిల్లుతో మన సాయం ఆగకూడదు. భార్యకు కౌన్సెలింగ్, పిల్లలకు స్కూలు ఫీజు, కోలుకున్నవాడికి పని కూడా చికిత్సలో భాగమే. తండ్రి తాగుడు కొడుక్కి వారసత్వం కాకుండా ఆపేది అదే. సలహాకు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.