పొగాకు బ్యారన్‌లో కొలిమి, గొట్టాల అమరిక

వర్జీనియా పొగాకు క్యూరింగ్‌లో ఆకును ఆరబెట్టవలసినది వేడి మాత్రమే, పొగ కాదు. కొలిమిలో పుట్టిన పొగ ఇనుపరేకు గొట్టాల గుండా సాగి బయటకు పోవాలి. గొట్టాలు వెలువరించే వేడితో కాగిన గాలి మాత్రమే ఆకును తాకాలి. ఇందుకు ఈ క్రింది నియమాలు పాటించవలసి ఉంటుంది.

1. కొలిమి నోరు బ్యారన్ గోడకు వెలుపల ఉండాలి. వంటచెరకును, ఎండుటాకును దానికి దూరంగా నిల్వచేయాలి.

2. గొట్టాలు కొలిమి నుండి చిమ్నీ వైపు క్రమంగా ఎత్తు పెరుగుతూ సాగాలి. వేడి వాయువులు పైకి పోయే స్వభావం కలవి కనుక, వాలు తారుమారైతే పొగ వెనుకకు తన్నుతుంది. చిమ్నీ చివర పైకప్పును మించి ఉండాలి.

3. అతుకులు బిగువుగా ఉండాలి. తుప్పుపట్టిన రేకులను సీజనుకు ముందే మార్చాలి. పొగ కారితే ఆకుకు వాసన పడుతుంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల వల్ల ఆకులో హానికరమైన నైట్రోసమైన్లు ఏర్పడవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వెళ్లే కూలీల ప్రాణాలకే ముప్పు.

4. గొట్టాలకూ అట్టడుగు కర్రల వరుసకూ మధ్య తగినంత ఎడం ఉంచి, గొట్టాలపై ఇనుప వల అమర్చాలి. ఈనె ఆరే దశలో బ్యారన్ ఉష్ణోగ్రత సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అప్పుడు ఎండిన ఆకు ఒకటి గొట్టంపై రాలినా బ్యారన్ మొత్తం దగ్ధం కావచ్చు.

ఆకు ఎక్కించక ముందే, ఖాళీ బ్యారన్ కొలిమిలో కొద్దిగా తడిగడ్డి కాల్చి, పొగ లోపలికి కారుతున్న చోటును గుర్తించవచ్చు. విస్తరణ సిబ్బంది ఈ పరీక్షను రైతులచే తప్పక చేయించాలి.