గ్రంథకర్త ఎవరు? – సువార్తలు, ‘ఎజుర్ వేదం’

ఒక గ్రంథం చేతికి రాగానే మనం మొదట చూచేది దానిని వ్రాసినవారి పేరు. ఆ పేరు నమ్మదగినదేనా అని విచారించేవారు అరుదు. కాని మహాగ్రంథాలు కొన్నింటి విషయంలో ఈ విచారణ శతాబ్దాలుగా సాగుతూనే ఉన్నది.

క్రైస్తవుల నాలుగు సువార్తలనే తీసుకుందాం. మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే పేర్లు శీర్షికలలో ఉన్నాయే గాని, “దీనిని వ్రాసినవాడను నేను ఫలానా” అని ఏ సువార్తలోనూ రచయిత చెప్పుకొనలేదు. లూకా సువార్త పీఠికలో రచయిత తన ఉద్దేశం తెలిపాడు, పేరు తెలుపలేదు. నాలుగవ సువార్త చివర యేసు ప్రేమించిన శిష్యుని సాక్ష్యం ప్రస్తావన ఉన్నది; ఆ శిష్యుని పేరు మాత్రం లేదు. క్రీ.శ. రెండవ శతాబ్దపు పూర్వార్ధంలో పేపియస్ అనే బిషప్పు మార్కు, మత్తయిల రచనలను పేర్కొన్నాడు. 180 ప్రాంతంలో ఐరేనియస్ నలుగురి పేర్లను స్పష్టంగా వ్రాశాడు. సంప్రదాయానికి ఇవి ఆధారాలు. ఆధునిక విమర్శకులలో అనేకులు మరొక ప్రశ్న లేవదీశారు. మార్కు సువార్తలోని వాక్యాలు మత్తయి సువార్తలో పలుచోట్ల గ్రీకు పదాలతో సహా కనబడుతున్నాయి. యేసు వెంట తిరిగిన శిష్యుడే దానిని వ్రాసి ఉంటే, ఆ పన్నెండుగురిలో లేని మార్కు రచనపై అంతగా ఆధారపడవలసిన పని ఏమి? ఈ వాదం నేటికీ ముగియలేదు.

ఇది ఎక్కడో దూరదేశాల చర్చ అని మనం భావించనక్కరలేదు. ఇటువంటి చిక్కు ఒకటి మన సీమ చరిత్రతోనూ ముడివడి ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి జెసూట్ పాదిరీలు పుదుచ్చేరి నుండి లోనాడులకు వచ్చి, మన పుంగనూరు వంటి చోట్ల మతప్రచారం సాగించారు. దానికి కర్ణాటక మిషన్ అని పేరు. ఆ మిషన్‌కు చెందిన కాల్మెట్ అనే పాదిరీ సంస్కృతం నేర్చి, వేదప్రతులు సంపాదించి, పారిస్‌లోని రాజగ్రంథాలయానికి పంపించాడు. పండితులతో మతవాదం చేయుటకు వేదజ్ఞానం ఉపకరిస్తుందని తన ఉత్తరాలలో వ్రాశాడు.

తరువాత 1760లో మోదావ్ అనే ఫ్రెంచి అధికారి ‘ఎజుర్ వేదం’ అనే ఫ్రెంచి వ్రాతప్రతిని సుప్రసిద్ధ రచయిత వోల్టేరుకు ఇచ్చాడు. అది వ్యాసునికీ సుమంతునికీ జరిగిన సంభాషణ. అందులో సుమంతుడు బహుదేవతారాధనను ఖండించి ఏకేశ్వరుని బోధిస్తాడు. వోల్టేరు దానిని అలెగ్జాండరు కాలానికి పూర్వపు గ్రంథంగా నమ్మి, 1761లో రాజగ్రంథాలయానికి సమర్పించాడు. క్రైస్తవానికి ముందే భారతదేశంలో శుద్ధమైన ఏకేశ్వర మతం ఉండేదని వాదించి, చర్చిని ఎదిరించుటకు దానినే ఆయుధం చేసుకొన్నాడు. 1778లో గ్రంథం అచ్చయింది. నాలుగేండ్లకే సొన్నెరా అనే యాత్రికుడు, ఇది వేదం కాదు, మచిలీపట్నంలో ఒక మిషనరీ వ్రాసిన వాదగ్రంథం అని ప్రకటించాడు. చర్చిపై వోల్టేరు ఎత్తిన కత్తి చర్చివారి కొలిమిలో తయారైనదే!

తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందిన భాష అని నిరూపించిన ఎల్లిస్ దొర 1816లో పుదుచ్చేరిలో ఈ వ్రాతప్రతులను స్వయంగా పరిశీలించాడు. అక్కడి క్రైస్తవులలో ఇవి రాబర్ట్ డి నోబిలి రచనలన్న ప్రతీతి ఉండేది. నోబిలి 1656లోనే మరణించాడు. వ్యాసుడు ‘బియాష్’ కావడం వంటి మార్పులు వంగదేశపు ఉచ్చారణను పోలి ఉన్నాయని ఎల్లిస్ గుర్తించాడు. ఆయన వ్యాసం 1822లో వెలువడింది. 1984లో లూడో రోషే అనే పండితుడు సమగ్రంగా పరిశోధించి, గ్రంథం మొదటినుండి ఫ్రెంచి భాషలోనే పుట్టినదని, ఫ్రెంచి మిషనరీ రచన అని తేల్చాడు. వ్యక్తిని మాత్రం నిర్ధారించలేదు. 2010లో ఉర్స్ ఆప్ అనే మరొక పండితుడు కాల్మెట్ పేరును ప్రతిపాదించాడు. అది అనుమాన ప్రమాణమే గాని ప్రత్యక్ష ప్రమాణం కాదు. మూడున్నర శతాబ్దాల క్రిందట గతించిన నోబిలి కావచ్చు, కాల్మెట్ కావచ్చు, తనకై మాట్లాడలేని మనిషిపై కపటరచన అన్న నింద మోపే ముందు ఎంత జాగ్రత్త అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

ఈ రెండు ఉదాహరణలను ఒకే గాట కట్టరాదు. సువార్తల రచయితలు తమ పేరు చెప్పలేదు. పేర్లను సంప్రదాయం అందించింది. ‘ఎజుర్ వేదం’ కర్త అయితే ప్రాచీన ఋషుల నోట తన మాట పలికించాడు. మౌనం వేరు, మారువేషం వేరు.

హదీసు శాస్త్రంతో పరిచయమున్న మన విద్యార్థులకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ఎవరు ఎవరి వద్ద విన్నారన్న ఇస్నాద్‌ను, చెప్పబడిన విషయమైన మత్న్‌ను పూర్వపండితులు విడివిడిగా పరీక్షించారు. గ్రంథకర్తృత్వ విచారణలోనూ బయటి సాక్ష్యం, లోపలి సాక్ష్యం రెండూ కావాలి. బయటి సాక్ష్యాన్నే నమ్మితే నోబిలికి జరిగిన అన్యాయం జరుగుతుంది. లోపలి మాటలకే మురిసిపోతే వోల్టేరు పడిన పొరపాటే పడతాము.

ఎవరి పవిత్రగ్రంథాన్ని గురించియైనా ఈ ప్రశ్న అడగడం అపచారం కాదు. అయితే ఇతరుల గ్రంథానికి ఒక తూనిక, మన గ్రంథానికి మరొక తూనిక వాడకూడదు. అన్ని మతాల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనే కళాశాలలో నేర్చుకొనవలసిన మొదటి న్యాయం ఇదే.