రెండు చెవు లేల?

వినుటకు ఒక చెవి చాలదా యని బాలురు మమ్మడుగుచుందురు. వినుటకు జాలును, కాని ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో చక్కగా నెఱుగుటకు రెండును గావలెను. అందులకే సృష్టికర్త తలకు చెరియొక ప్రక్కను వానిని నమర్చెను.

దీని మర్మమును ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడగు రేలీ ప్రభువు 1907వ సంవత్సరమున వివరించెను. కుడి ప్రక్కనుండి కీచుధ్వని వచ్చినచో తల యడ్డమగుటచే ఎడమ చెవికి తక్కువగా వినబడును. మంద్రధ్వనిని తల యంతగా నడ్డగింపజాలదు. అయినను అది కుడి చెవిని ముందుగా జేరును. ఈ కాలభేదము సెకండులో వేయవ వంతు కన్నను తక్కువ. మెదడు దానిని సైతము గ్రహించును!

ఎట్లు గ్రహించును? అమెరికా దేశస్థుడగు లాయిడ్ జెఫ్రెస్ 1948లో ఒక నమూనాను సూచించెను. రెండు చెవుల వార్తలును ఒక్క క్షణముననే కలిసికొన్నప్పుడు మేల్కొను నాడీకణములు వరుసగా నున్నవనియు, ఏ కణము మేల్కొన్నదో దానిబట్టి దిక్కు తెలియుననియు దాని భావము. పిమ్మట గుడ్లగూబ మెదడులో అట్టి యమరికయే కనబడెను.

కావున ఒక చెవి వినబడని బాలుడు పిలిచినప్పుడు వేరొక వైపు చూచును. తరగతి సందడిలో పాఠమును పోల్చుకొనజాలడు. అది అశ్రద్ధ కాదు. అట్టివానిని దండింపక, మంచి చెవి ఉపాధ్యాయుని వైపున కుండునట్లు ముందు బల్లపై కూర్చుండబెట్టవలెను. తలిదండ్రులు వానిని వైద్యునికి జూపి, బాట దాటునపుడు ఇరుప్రక్కల జూచుట నేర్పుదురు గాక.